షాబాద్ బండ మీద పేరు

1978 ఆగస్టు 13

సమాధుల తోటలో ఈరోజు మా లిదియా రాయి నిలబెట్టాం. పిల్ల పోయి రెండు నెలలు. కామెర్లు. ఆరేళ్లు నిండలేదు.

రాళ్లు చెక్కే సాల్మన్ ముందే చెప్పాడు. నల్లరాయి పెడుదాం సార్, షాబాద్ బండ మెత్తగుంటది, వానకు ఆగది అన్నాడు. నా భార్య ప్రమీల వింటేగా. సుబేదారిలో మా ఇంటి ఫ్లోరింగ్‌లో మిగిలిన బండ ఇది. బిడ్డ దీని మీదనే కూసోని బలపంతోని రాసుకునేది, ఇదే పెట్టున్రి అన్నది. ప్రమీల పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేనూ కాదనలేకపోయాను.

పిల్లకి ఒక్క ఫొటో లేదు. వచ్చే నెల స్టూడియోకి పోదాం అంటూ గడిపేసిన తండ్రిని నేను. ఇక రాతి మీది ఆ పేరే మాకు మిగిలింది.

1978 నవంబర్ 2

సమాధుల పండుగ. అందరూ తమ వాళ్ల సమాధులకు సున్నాలు వేశారు. ప్రమీల మాత్రం వేయనివ్వలేదు. పేరు మూసుకుపోతుందట.

1981 జూలై 9

ఎనిమిదో తరగతికి శిలా శైథిల్యం పాఠం. వాన, ఎండ, గాలి కలిసి కొండల్ని ఎట్లా తింటాయో చెప్పాను. షాబాద్ ముక్క మీద నిమ్మకాయ పిండితే నురగ వచ్చింది. క్లాసంతా చప్పట్లు. వాన నీళ్లలో కూడా రవ్వంత పులుపు ఉంటుందన్నాను. లిదియా రాయి గుర్తొచ్చింది. బెల్లుకు ముందే బయటికొచ్చాను.

1983 నవంబర్ 2

అక్షరాలు వేలికి తగలడం లేదు. వాన తింటాంది నా బిడ్డ పేరును అని ప్రమీల ఏడ్చింది.

పక్కన ఇంకో షాబాద్ సమాధి ఉంది. 1950 నాటిది. దాని మీద పేరు చక్కగా చదవొస్తోంది. దానికీ ఇదే వాన కదా?

1984 ఫిబ్రవరి 11, పొద్దున 8

ప్రమీల శనివారం శనివారం తోటకు పోతుంది. ఈరోజు వెనకాలే వెళ్లాను. సంచిలోంచి చింతపండు తీసింది. కొబ్బరి పీచుతో రాయి తోమింది, ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టే. ఒక్కో అక్షరంలో వేలు పెట్టి మరీ. అయిదేళ్లుగా.

కనపడకుండా తిరిగొచ్చాను.

అదే రోజు, సాయంత్రం

చింతపండు పులుపే రాయిని తింటోందని చెప్పలేకపోయాను. రాయిని ముట్టకు, ముట్టినకొద్దీ అరుగుతుంది అని మాత్రం అన్నాను. మురికి పట్టనిస్తనా నా బిడ్డకు అన్నది. అంతా వానే ప్రమీలా అన్నాను. పెద్ద సైన్సు మాస్టారిని.

1984 జూలై 21

పొద్దుటి నుంచి ముసురు. ప్రమీల ఇంట్లో లేదు. తోటకు పరుగెత్తాను. రాయి మీద గొడుగు పట్టి కూర్చుంది. తను తడిసి ముద్దయింది, ఒళ్లు కాలిపోతోంది. లేవమంటే లేవదు. మీరే గద అన్నరు వాననే అని, వెలిసేదాంక రాను అన్నది. ఒళ్లో చింతపండు ముద్ద.

చెప్పేశాను. నిమ్మకాయ, నురగ, అన్నీ. క్లాసులో చెప్పినట్టే చెప్పాను, ఛీ. ఆమె తన చేతులు చూసుకుంది. గట్లయితే నేనేనా అని ఒక్కసారే అడిగింది. ఫిబ్రవరిలోనే తెలుసు, నేనూ నోరు మూసుకున్నాను అన్నాను. గొడుగు అక్కడే వదిలేసి నడిచింది.

1984 ఆగస్టు 5

సాల్మన్ వచ్చి చూశాడు. బండ పలచబడ్డది సార్, ఉలి పెడితే పగులుతది అన్నాడు. కొత్త రాయి మాట ఎత్తితే ప్రమీల లోపలికి వెళ్లిపోయింది.

1984 సెప్టెంబర్ 3

పప్పుచారులో పులుపు లేదు. ఇంట్లో చింతపండు కనపడక నెల దాటింది. ఇద్దరం తిన్నాం.