పాఠాలు చెప్పే మనిషి

అక్కా,

పదిమందికీ చెప్పే మనిషి తన చదువు ఎప్పుడు చదువుకోవాలి? ఏళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను.

డ్యూటీ దిగాక తోటి నర్సులకు మా ఇంట్లో ప్రమోషన్ పరీక్ష పాఠాలు చెబుతానని నీకు తెలుసుగా. తొమ్మిదిమంది గట్టెక్కారు. నేను మాత్రం రెండుసార్లు తప్పాను. నా దగ్గర చదివిన పిల్లే ఇప్పుడు నాకు డ్యూటీలు వేస్తోంది.

వయసు నిబంధన వల్ల నాకు ఈసారే ఆఖరు. అందుకని పాఠాలు ఆపేస్తానన్నాను.

"నడి ఏట్లో చెయ్యి వదిలేస్తావా అక్కా? అయినా నీకన్నీ నోటికొచ్చుగా!" అంది పాఠాలకు కొత్తగా చేరినావిడ.

వాళ్లకు చెబుతున్నప్పుడు వస్తాయి. ఒక్కదాన్నే ప్రశ్నపత్రం ముందు కూర్చుంటే ఒక్కటీ రాదు.

రేపు సాయంత్రం వాళ్లొస్తారు. వాళ్ల కోసమే చెబుతున్నానో, పరీక్షకు జడిసి వాళ్ల చాటున దాక్కుంటున్నానో తెలియడం లేదు. తలుపు తీయాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లెలు