మా ఆవిడ ఊరికి తాళం

జూన్ 3. ముసురు. వంటింటి కుళాయికి వాషరు మార్చాను.

గేమ్ స్టోరు సహాయ విభాగం వారికి,

నేను కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. ఎక్కువ మాట్లాడను. చేసిన పనులు మాత్రం రోజూ డైరీలో రాసుకుంటాను. మూడేళ్ళ కిందట మీ దగ్గర ఊళ్ళు కట్టే గేమ్ కొన్నాను. ఆడేది మా ఆవిడ. ఇప్పటికి మూడు వందల పన్నెండు ఇళ్ళు, రెండు బళ్ళు, సగం వంతెన కట్టింది. నిన్న కంప్యూటర్లో మదర్‌బోర్డు కాలిపోతే నేనే కొత్తది వేశాను. గేమ్ తెరిస్తే 'ఇది మీ కంప్యూటరు కాదు' అంటోంది. తెర అదే, బల్ల అదే, ముందు కూర్చున్న మనిషీ ఆవిడే. తాళం తీయండి.

ఇట్లు,
మెకానిక్కు

తా.క. ఆవిడ అడగమంది: బ్లేడు మారిస్తే మిక్సీ పక్కింటివాళ్ళదైపోతుందా?

---

జూన్ 4

ప్రియమైన వినియోగదారుడికి,

మీ ఉత్తరం మాకెంతో ఆనందం కలిగించింది. దొంగ కాపీల నుంచి మిమ్మల్ని కాపాడడానికే ఈ తాళం. మీరు మీరేనని తేలడానికి రెండు ప్రశ్నలు. గేమ్ ఎప్పుడు కొన్నారు? చివరిసారి ఎప్పుడు ఆడారు? ముప్పై రోజులు తెరవని ఊళ్ళను మా యంత్రం చెరిపేస్తుందని గమనించగలరు.

మీ సేవలో,
సహాయకుడు, కుర్చీ నంబరు 14

తా.క. మా సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వగలరు.

---

జూన్ 5. ఎండ. ఇస్త్రీపెట్టె వైరు అతికించాను.

కుర్చీ నంబరు 14 గారికి,

కొన్నది ఆగస్టు 19, సాయంత్రం 4.20. ఆ పూట కరెంటు రెండుసార్లు పోయింది. చివరిసారి ఆడింది ఈ జూన్ 1, మధ్యాహ్నం 3.05 నుంచి 4.50 దాకా. వంతెన మూడో స్తంభం ఆ రోజే లేచింది.

బోర్డు మార్చింది నేనే కాబట్టి ఆవిడ నిన్నటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. నేను ఎలాగూ మాట్లాడను. ఇంట్లో గడియారం చప్పుడు బాగా వినపడుతోంది.

ఇట్లు,
మెకానిక్కు

తా.క. నక్షత్రాలు ఆకాశంలో ఉన్నాయి. మబ్బు లేని రోజున లెక్కపెట్టుకోండి.

---

జూన్ 7

ప్రియమైన వినియోగదారుడికి,

మీ జవాబులు రెండూ సరైనవే. అందుకే మీ అకౌంటును పూర్తిగా మూసేశాం. సొంతదారులెవరికీ ఇంత కచ్చితంగా గుర్తుండదు. నిమిషాలతో సహా చెప్పేది దొంగలేనని మా యంత్రం అభిప్రాయం.

మీ సేవలో,
కుర్చీ నంబరు 14

తా.క. ఒక్కటైనా తప్పు రాసి ఉంటే తెరిచేసేవాణ్ణి.

---

జూన్ 24. ఉక్క. మేడ మెట్ల మీద పాచి గీకాను.

కుర్చీ నంబరు 14,

ఏడో తేదీ తర్వాత నేను రాసిన ప్రతి ఉత్తరానికీ 'మీ సహనానికి ధన్యవాదాలు' అన్న ఒక్క ముక్కే పంపారు. తొమ్మిదిసార్లు. ఏ నిమిషాన వచ్చాయో అన్నీ రాసి ఉంచాను. నా దగ్గర సహనం లేదు. లేనిదానికి ధన్యవాదాలు చెప్పకండి.

మీ మీట మీద 'కొనండి' అని ఉంది. 'మాకు నచ్చినంతకాలం ఉంచుకోండి' అని లేదు. నేను మిషను బాగుచేసి ఇచ్చాక, దాని మీద ఎవరు కుడుతున్నారని వాళ్ళింటి వాకిట్లో నిలబడి అడగను. ఎదురు షాపు టైలరు చెప్పాడు, దొంగ కాపీ వాడేవాళ్ళని గేమ్ ఏ ప్రశ్నా అడగదట. వాళ్ళ ఊళ్ళు హాయిగా ఉన్నాయట. కొన్న పాపానికి దొంగనైంది నేనే. ఇంకా వారమే ఉంది.

మెకానిక్కు

తా.క. నేను ఇంటావిడని. ఆయన కళ్ళజోడు వెతుక్కోవడానికి వెళ్ళారు కాబట్టి గబగబా రాస్తున్నా. వంతెన అవతల ఆయనకో షాపు కట్టాను, ఆయనకి తెలీదు. వంతెన అయ్యాక చూపిద్దామనుకున్నా. ఆ షాపు గానీ చెరిగిపోయిందా, మీ కుర్చీ నంబరు నాకు తెలుసు.

---

జూన్ 29

అన్నగారికి,

ఇది ఇంటి నుంచి రాస్తున్నాను. మొన్న ఆఫీసులో నాకు కొత్త కంప్యూటరు ఇచ్చారు. యంత్రం నన్ను నేను కాదంది. గేటు దగ్గర కాపలా ఆయన కూడా దాని మాటే నమ్మాడు. రోజూ నా పక్కన కూర్చుని టీ తాగే మనిషి. ఈ నెలలో ఎవరికి, ఏ రోజు, ఏ నిమిషాన జవాబు రాశానో చెబితేనే లోపలికట. నాకు ఒక్కటీ గుర్తులేదు. మీ డైరీలో ఉన్నాయి కదా, కాస్త పంపండి. లోపలికి వెళ్ళగానే మొదట మీ తాళమే తీస్తాను.

మీ తమ్ముడిలాంటివాడు,
కుర్చీ నంబరు 14 (ప్రస్తుతం లేదు)

తా.క. రెండు మూడు నిమిషాలు తప్పుగా రాయండి. సరిగ్గా ఉంటే నన్నూ దొంగనంటుంది.

---

జూలై 1. తెరిపి. కిటికీ గడియకు నూనె వేశాను.

తమ్ముడికి,

నీ కోసం నిన్న తప్పు టైములు రాశాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఇవాళ 10.40కి తాళం ఊడింది. నా కోపం మాత్రం పోలేదు. రేపు ఇంకో పార్టు కాలితే మళ్ళీ మొదటికే వస్తుంది కదా. ఇకమీద డిస్కులో దొరికే ఆటే కొంటాను, లేకపోతే లేదు.

10.55 నాలుగో స్తంభం. 11.20 వంతెన పూర్తి. అవతల చిన్న షాపు, బోర్డు మీద కుట్టుమిషను బొమ్మ. ఇరవై ఏడు రోజుల తర్వాత ఆవిడ నోరు విప్పి, "కూర్చోండి, ఇది మీదే" అంది.

11.25 వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. వాషరు రేపు మార్చొచ్చు.