జానీ చేతికి తెలిసిన రాడ్

ఆదివారం రాత్రి

నా నేస్తం జానీకి ఈరోజు ఖమ్మంలో గాలం రాడ్ కొన్నాం. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చాక వాడికి నడక తిరిగొచ్చింది గానీ, కుట్టుమిషన్ మీద అంత చక్కగా ఆడిన కుడిచేతి వేళ్లకు స్పర్శ సరిగా రాలేదు. అయినా భద్రాచలంలో గోదావరి ఒడ్డున మళ్లీ గాలం వేయాలని వాడి పట్టుదల.

వెదురు గాలాలకు అలవాటు పడ్డవాణ్ని కదా, నేను లావుపాటి ఫైబర్ రాడ్లే ఏరాను.

"ఇది గట్టిది జానీ, ఎంత పెద్ద చేపనైనా ఆపుతది."

"ఆపుడు తర్వాత. ముందు చేప ముట్టిన సంగతి నాకు తెలియాలె గదా!"

కొత్త గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసేటప్పుడు మూసుకున్నట్టే కళ్లు మూసుకున్నాడు. పిడిని కుడిచేత్తో పట్టుకుని, కొసను గోటితో మెల్లగా మీటమని నాతో అన్నాడు. నేను తెచ్చిన ఫైబర్ రాడ్లు ఒక్కొక్కటీ మీటినా వాడు ఉలకలేదు. చిన్న కదలికనైనా పిడిదాకా తెచ్చే సన్నటి కార్బన్ స్పిన్నింగ్ రాడ్‌ను వాడు పట్టుకునేసరికి నాకు భయమేసింది. ఇదీ తెలియకపోతే గాలమే మానేస్తాడేమో! వాడు అవునంటే చాలనుకుని, మీటకుండానే "మీటిన, తెలిసిందా?" అన్నాను.

"అబద్ధమెందుకురా? నువ్వింకా ముట్టుకోనే లేదు."

సిగ్గుపడి మీటాను.

"అవ్, గిప్పుడు!" అని కళ్లు తెరిచాడు.

ఆ చేత్తో గోదావరిలోకి దూరంగా విసరగలడో లేదో, ఆ బెంగ ఇంకా ఉంది. కానీ ఇప్పుడు పదేపదే గుర్తొస్తున్నది ఒకటే. చేతికి ఏమీ తెలియని ఆ క్షణంలో వాడు తన చేతిని అనుమానించలేదు. నన్ను అనుమానించాడు.