అమ్మ ఊరికే ఇచ్చిందా?

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మా డ్రైవింగు స్కూల్లో ఈ వారం ఎవరూ గోడని గుద్దలేదు.

అసలు విషయం ఏమిటంటే, అమ్మ ఇంటి పైఅంతస్తు అమ్మి మనిద్దరికీ చెరిసగం ఇస్తానంటోంది. సంతోషం. కానీ నువ్వు లాండ్రీ పెట్టినప్పుడు మెషీన్లకని అమ్మ ఇచ్చిన డబ్బు అప్పేగా? అది నీ సగంలోంచి తీసేస్తే సరిపోతుంది. అమ్మకి కూడా తెలియాలి కాబట్టి ఈ ఉత్తరం నకలు తనకీ పంపుతున్నాను.

ఇట్లు,
అక్క

తా.క.: ఇది డబ్బు గురించి కాదు, న్యాయం గురించి. న్యాయం ఎంతవుతుందో మీ బావ లెక్క కట్టి ఉంచారు.

*

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదువుతూ ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే వదిలేశాను. ఆ చొక్కా బ్యాంకు మేనేజరుది.

అది అప్పని నీకెవరు చెప్పారు? డబ్బు నా చేతిలో పెడుతూ అమ్మ అన్న మాట నాకింకా గుర్తుంది. "తీసుకోరా, బాగుపడు" అంది. అప్పిచ్చేవాళ్ళు బాగుపడమనరు, ఎప్పుడిస్తావంటారు. అది ముమ్మాటికీ బహుమతే. నేనూ అమ్మకి నకలు పంపుతున్నాను.

నీ తమ్ముడు

తా.క.: బావగారి కోటు ఉతికి పంపుతున్నాను. ఈసారి జేబులో బిల్లు కూడా పెట్టాను.

*

తమ్ముడికి,

ఆశీస్సులు కిందటి ఉత్తరంలోవే వాడుకో.

బాగుపడమంది, బాగుపడ్డావు. పక్క షట్టరు కూడా అద్దెకి తీసుకున్నావు. ఇక ఇచ్చెయ్. చితికిపోయి ఉంటే బహుమతనే అనుకునేదాన్ని.

ఆ రోజు నేను పక్క గదిలోనే ఉన్నాను. అమ్మ నన్నొక్క మాట అడగలేదు. అప్పే కదా, అందుకే అడగలేదులే అని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి బహుమతంటే నాకెలా ఉంటుందో ఆలోచించు.

అక్క

తా.క.: మా స్కూల్లో నేర్చుకుంటున్న మీ ఆవిడకి కారు రివర్సు చెయ్యడం ఇంకా రాలేదు. మాట వెనక్కి తిప్పడంలో నువ్వు ఘనుడివి కదా, నువ్వే నేర్పుకో.

*

అక్కకి,

నీ బాధ నాకర్థమైంది. మరి నీ కారు సంగతేమిటి? నేర్పేటప్పుడు నువ్వు కూర్చునే వైపు కూడా బ్రేకు ఉండే ఆ స్కూలు కారు, అమ్మ బట్టలు కుట్టి కూడబెట్టిన డబ్బుతోనే కదా వచ్చింది? తాళాలిస్తూ "జాగ్రత్తగా వాడు" అంది. ఊరికే ఇచ్చేవాళ్ళు జాగ్రత్తలు చెప్పరు, తిరిగి కావలసినవాళ్ళే చెబుతారు. కాబట్టి అప్పు నీదే. ఇక అమ్మే తేల్చాలి, మన ఉత్తరాలన్నిటి నకళ్ళూ తనకి పంపుతున్నాను.

తమ్ముడు

తా.క.: మేనేజరు కొత్త చొక్కా అడుగుతున్నాడు. ఆ ఖర్చు నీ ఖాతాలో రాశాను.

*

అమ్మాయికి, అబ్బాయికి,

ఇద్దరికీ ఇదే ఉత్తరం. నకళ్ళు తీయడం మీ దగ్గరే నేర్చుకున్నాను.

నిజం చెప్పాలంటే, ఇచ్చినప్పుడు అప్పా బహుమతా అని నేననుకోలేదు. మీకు అవసరమైంది, ఇచ్చాను. మీ ఉత్తరాలు చదివాకే తెలివొచ్చింది. తమ్ముడిది అప్పని అమ్మాయి చక్కగా రుజువు చేసింది. అక్కది అప్పని అబ్బాయి ఇంకా చక్కగా రుజువు చేశాడు. ఒకరి మాట నమ్మి ఇంకొకరిది కొట్టిపారేస్తే బాగుండదు. అందుకని ఇద్దరినీ నమ్మాను.

అమ్మాయీ, నువ్వు పక్క గదిలో ఉన్నావని తెలిసే ఆ రోజు గట్టిగా మాట్లాడాను. నువ్వు వద్దని ఉంటే ఇచ్చేదాన్ని కాదు.

పైఅంతస్తు అమ్మడం మానేశాను. బజారులో ఒక షాపు మాట్లాడుకున్నాను. ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక మూల కూర్చుని కుట్టాను, ఇక బోర్డు పెట్టి కుడతాను. మీరిద్దరూ కట్టే వాయిదాలతో అద్దె గడిచిపోతుంది. ప్రతి నెలా వసూలుకి నేనే వస్తాను, మీరు శ్రమపడక్కర్లేదు.

ప్రేమతో,
మీ అమ్మ

తా.క.: వడ్డీ అడగను. అది మాత్రం నా బహుమతి. దయచేసి దాన్ని కూడా అప్పని రుజువు చెయ్యకండి.