ఈసారి నా గొంతు ఇవ్వలేను

ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ‘అందరూ ఓటు వేయండి’ అని వీధుల్లో ప్రకటించే పని నుండి నన్ను తప్పించుట గురించి.

నేను ఆటోలో మైకు పెట్టుకొని ఊరంతా చాటింపు వేసేవాడిని. పోయినసారి మా వార్డులో సగం మంది కూడా ఓటు వేయనందున, ఈసారి జనాన్ని కదిలించుటకు ‘అందరికీ తెలిసిన గొంతు’ కావాలని తమ కార్యాలయం వారు నన్ను ఎంపిక చేసినట్లు ఉత్తర్వు అందినది. కృతజ్ఞుడను. కానీ ఆ పని నా వల్ల కాదు. కారణములు ఈ క్రింద మనవి చేసుకొనుచున్నాను.

1. ఇంతవరకు అన్ని పార్టీల వారికీ నేనే మైకు పట్టితిని. పొద్దున ఒకరి ఆటో, సాయంత్రం వారి మీద పోటీ చేసిన వారి ఆటో. రోడ్డు వేస్తామన్నదీ నేనే, ఆసుపత్రి కడతామన్నదీ నేనే. గెలిచినవారు మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. నేను మాత్రం రోజూ అదే వీధిలో పాల ప్యాకెట్టుకు వెళ్ళాలి కదండీ. ‘ఏం మైకూ, మన ఆసుపత్రిలో మందులొచ్చాయా?’ అని పాలకొట్టాయన అడిగేవాడు. నవ్వేసి ప్యాకెట్టు పట్టుకొని వచ్చేసేవాడిని. హామీ ఇచ్చినవారి మాట గాలికి పోయింది, చెప్పిన గొంతు జనానికి గుర్తుండిపోయింది.

2. పోయిన వానాకాలంలో మంచినీటి పైపులో మురుగు కలిసినప్పుడు, కుళాయి నీళ్ళు తాగవద్దని చాటించుటకు పురపాలక కార్యాలయం వారు నన్నే పిలిచిరి. ఒళ్ళు దాచుకోకుండా తిరిగాను. ‘మళ్ళీ ఎన్నికలొచ్చినట్టున్నాయి’ అని గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు నవ్వుకున్నారు.

3. మా అక్క అప్పుడు వీధి కుళాయి కింద బిందె పెట్టి ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచిన అక్క. ఆటో ఆపించి మైకులోనే, ‘పట్టకక్కా, నిజంగా చెబుతున్నాను’ అన్నాను. వీధి వీధంతా ఘొల్లుమంది. నేను ప్రతిసారీ వాడే మాటే మరి, ‘నిజంగా’. అక్క కూడా నవ్వి, ‘ఈసారి ఎవరి తరఫునరా తమ్ముడూ?’ అంది. నిండిన బిందె చంకనెత్తుకొని లోపలికి పోయింది. ఇంకా చాలా వీధులు మిగిలి ఉన్నాయి. సాయంత్రం వచ్చి నెమ్మదిగా చెబుదాంలే అనుకొని నేనూ ముందుకు పోయాను. నేను వచ్చేసరికే ఇంట్లో అందరూ ఆ నీళ్ళు తాగేశారు. మర్నాడు అక్కకు వాంతులు, విరేచనాలు. పెద్దాసుపత్రికి చేరేలోపే పోయింది.

4. ఇందులో తమ తప్పేమీ లేదు. నీళ్ళ వల్లనే పోయిందని డాక్టరు గారు రాసిచ్చారు. వారి కంటే నాకు ఎక్కువ తెలియదు. కానీ అయ్యా, మా అక్క అమాయకురాలు కాదు. నా మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. అయినా నా మాట నమ్మలేదు. అర్జీలో ఇలా ఏడవకూడదని తెలుసు, క్షమించవలెను.

5. తమ కార్యాలయం పంపిన కాగితంలో ‘మీ ఓటే మీ భవిష్యత్తు’ అని ఉన్నది. ఆ మాట తప్పని నేననను. నా నోట వింటే మాత్రం, వద్దామనుకున్న నలుగురు కూడా ఇంట్లోనే ఆగిపోతారు. అంతకంటే గెలిచినవారిని ఒక్కసారి మైకు లేకుండా మా వీధికి నడిచి రమ్మనండి. వారేమీ చెప్పనక్కర్లేదు. గుమ్మం గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, జనం అనేది విని వెళితే చాలు.

కావున ఈ పనికి వేరొకరిని చూసుకొని, నన్ను విడిచిపెట్టవలసినదిగా ప్రార్థన. నా గోడు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వీధిలో అందరూ ‘మైకు’ అని పిలిచేవాడు

మరొక మాట: అక్క కూతురు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. దానికిది తొలి ఓటు. తమవాళ్ళు ఇచ్చిన ఓటరు కార్డు పట్టుకొచ్చి నిన్న నా పక్కన కూర్చుంది. ‘మామయ్యా, అందరూ దండగంటున్నారు. వెళ్ళనా, మాననా? నువ్వేదంటే అదే’ అంది. ఊళ్ళో నన్నింకా నమ్మే మనిషి అదొక్కతేనండీ. దానికేం చెప్పమంటారు?