గ్రైండర్ వేసే ముందు

అత్తమ్మా,

ఎట్లున్నావు? నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్ననే సంవత్సరీకం కూడా పెట్టాం. ఇన్నాళ్లూ నీకు చెప్పేంత విశేషం ఏమీ లేకపోయింది. ఇప్పుడు ఉంది... మన ఇంటికి కరెంటు లోడు పెంచారు.

నవ్వుతున్నావా?

మామ కోసం. బీడీలు ఎప్పుడో మానేసినా ఆ దగ్గు మాత్రం ఆయన్ను వదల్లేదు. జనగామ దవాఖానలో చూపిస్తే, ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టుకొమ్మన్నారు. రాత్రీ పగలూ నడవాలట, ఆపకూడదట. మన ఇంట్లో అదెట్లా కుదురుతుంది? బోరు మోటారు వేస్తే కూలర్ ఆపాలి. గ్రైండర్ వేస్తే రెండూ ఆపాలి. లేకపోతే ఫీజు పోతుంది.

నీ కాలంలో ఇదంతా నీ కేక మీద నడిచేది. "గ్రైండర్ ఏస్తున్న, అన్ని బంద్ జేయుండ్రి" అని వంటింట్లోంచి అరిచేదానివి. ఎవరు దేని దగ్గరుంటే అది ఆపి "బంద్ చేసిన" అనాలి. ఆ జవాబు వినపడందే స్విచ్ మీద చెయ్యి వేసేదానివి కాదు. ఎవరైనా మరిచారా... "ఫీజు వైరు మీ అవ్వగారింటికెల్లి తెచ్చినవా?" అని నన్నే అనేదానివి, తప్పు నీ కొడుకుదైనా సరే. ఆ వైరు చుట్ట ఇంకా పోపుల డబ్బా పక్కనే ఉంది.

నీ కొడుకు సంగతి తెలుసు కదా, రేపు రేపు అంటూ నాన్చాడు. నేనే కొడకండ్లలో కరెంటాఫీసుకు పోయి దరఖాస్తు ఇచ్చాను. స్తంభం నుంచి కొత్త వైరు లాగారు, మీటరు మార్చారు. మామ గదికి విడిగా లైను వేయించాను. ఇప్పుడు అన్నీ ఒకేసారి వేసుకోవచ్చు. నువ్వుంటే నమ్మవు.

మామ కూడా నమ్మలేదు.

ఆ మధ్య గారెలకు పప్పు రుబ్బబోతూ, అలవాటు కదా, "గ్రైండర్ వేస్తున్న" అని కేకేశాను. లోపలి నుంచి మామ "బంద్ చేసిన" అన్నాడు. వేసేశాను. పప్పు సగం నలిగాక తట్టింది... మామ గదిలో బంద్ చేయడానికి ఏముంది?

పరుగెత్తాను. మిషన్ ఆగి ఉంది. మంచం పట్టె పట్టుకుని రొప్పుతున్నాడు, పెదాలు నల్లబడ్డాయి. రెండో చెయ్యి స్విచ్ మీదే ఉంది, గ్రైండర్ ఆగగానే మళ్లీ వేద్దామని. మిషన్ వేసి, ఊపిరి కుదుటపడేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను. తర్వాత బాగా తిట్టాను అత్తమ్మా, మామ అని కూడా చూడలేదు. ఆయన తప్పేముంది? ఇన్నేళ్లు నువ్వు నేర్పిందే చేశాడు.

ఇక కేక మానేద్దామనుకున్నాను. చప్పుడు చేయకుండా గ్రైండర్ వేస్తుంటే మామ మాట్లాడడమే తగ్గించాడు. ఆ కేకలో నువ్వు వినపడేదానివేమో... నాకూ ఇల్లు బోసిపోయినట్టే అనిపించింది.

అందుకే జవాబు మార్చాం. నేను కేకేస్తే మామ ఇప్పుడు "నడుస్తంది" అనాలి. మొదట్లో "బంద్..." అని ఆగిపోయేవాడు. ఇప్పుడు అలవాటైంది. కొంచెం ఆయాసంగా అంటాడు, కానీ అంటాడు.

పొద్దున పప్పు నానబెట్టాను, పోయి రుబ్బాలి. లోపలి నుంచి ఆ మాట వినపడందే స్విచ్ మీద చెయ్యి వేయను. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ కోడలు
స్వరూప