ఫ్లాష్ పడలేదన్న మాట

గుణదల,
జనవరి 7.

ప్రియమైన మీకు,

మీరు అక్కడ చేరి పది రోజులైంది. మందు మానిపించే చోట ఫోన్లు ఇవ్వరని, ఉత్తరాలైతే ఆఫీసులో చదివాకే ఇస్తారని అక్కడి సారు చెప్పాడు. చదువుకోనివ్వండి. మీరు తాగొచ్చి స్టూడియో షట్టర్ ముందు పడుకున్న రోజే గుణదలంతా చూసింది. ఇంకా దాచుకోవడానికి మన దగ్గర ఏం మిగిలిందని?

మీ అమ్మ బాగానే ఉంది. మోకాళ్లు నొప్పులంటూనే రోజూ కొండ మెట్లెక్కి మరియమ్మ తల్లికి కొవ్వొత్తి వెలిగించి వస్తోంది. వద్దంటే వినదు. మొండితనం మీకు ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలిసిందే.

ఇక అసలు సంగతి. మీరు ఒప్పుకున్న ఆర్డర్లు అలాగే ఉన్నాయి. ఇరవై ఎనిమిదిన ఉయ్యూరు చర్చిలో పెళ్లి. వచ్చే నెల ఐదున మంగళగిరిలో ఓణీల ఫంక్షన్. ఆ తర్వాత మన తిరునాళ్ల. మొన్న బెంజ్ సర్కిల్ స్టూడియో లక్ష్మీకాంత్ వచ్చి, ఆర్డర్లన్నీ తనకి రాసిచ్చేయమన్నాడు. ఆడదానివి, నీవల్ల ఏమవుతుందమ్మా అని జాలి కూడా పడ్డాడు. టీ ఇచ్చి పంపేశాను. ఆర్డర్లు ఇవ్వలేదు.

నేనే తీస్తాను. నవ్వకండి. తొమ్మిదేళ్లుగా మీరు తెచ్చిన ఫొటోలకి ఆల్బమ్ చేసింది నేను. మూసుకుపోయిన కళ్లు తెరిపించాను, తెగిన తలలు అతికించాను. ఫొటో ఎక్కడ చెడుతుందో మీకన్నా నాకే బాగా తెలుసు. చిక్కంతా ఫ్లాషులతోనే. బీరువాలో మూడున్నాయి, మూడూ చచ్చి ఉన్నాయి. అందులో ఒకటి పోయిన మే నెలలో కంకిపాడు జాన్‌బాబు గారి అమ్మాయి పెళ్లిలో, సరిగ్గా సూత్రం కట్టే వేళకి పడకుండా పోయింది. ఆయన మనింటి మీదికి వచ్చినప్పుడు ఎదురెళ్లి, మరియమ్మ తల్లి మీద ఒట్టు, ఫ్లాషే పడలేదండీ అని చెప్పింది నేను. ఆ ఆల్బమ్ పూర్తి చేయడానికి ఎంత తంటాలు పడ్డానో మీకు తెలీదు.

వీటిని బాగుచేసేది ఎవరో చెప్పండి. మన పాత కెమెరాతో చీకటి చర్చిలో ఫ్లాష్ లేకుండా పని జరగదు. ఉయ్యూరు పెళ్లి కూడా చెడితే మన స్టూడియోని ఇక ఎవరూ పిలవరు.

కోపం ఇంకా తీరని,
మీ శాలిని

*

బందరు,
జనవరి 17.

ప్రియమైన శాలూకి,

అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. చెయ్యి ఇంకా మాట వినడం లేదు. ఇక్కడ తెల్లారగట్లే లేపి నడిపిస్తున్నారు, మజ్జిగ తాగిస్తున్నారు. అమ్మని మెట్లెక్కొద్దని చెప్పు.

నీ ఉత్తరం చదివి నిద్ర పట్టలేదు. ఆర్డర్లు లక్ష్మీకాంత్‌కి ఇచ్చెయ్యి. చర్చిలో పీఠం దగ్గర ఫొటోగ్రాఫర్లు ఎలా తోసుకుంటారో నువ్వు చూడలేదు. ఫాదర్ గారు ఒక పక్క కసురుతుంటారు, వీడియో వాడు మోచేత్తో పొడుస్తుంటాడు. ఒక్క సూత్రం ఫొటో తప్పిపోతే పార్టీ వాళ్లు ఎన్ని మాటలంటారో నీకు తెలీదు.

ఆ ఫ్లాషుల జోలికి అసలు పోకు. వోల్టేజీకి కాలిపోయాయి అవి. లోపల కరెంటు నిలవుంటుంది, విప్పితే కొడుతుంది. ఏలూరు కాలవలో పారెయ్యి, నేనొచ్చాక కొత్తవి కొందాం. గవర్నర్‌పేట రామకోటేశ్వరరావు దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. మంచి పార్టులు పీకేసి పాతవి బిగిస్తాడు. నా మాట విను.

నీ మంచి కోరే,
బెన్నీ

*

గుణదల,
జనవరి 31.

ప్రియమైన మీకు,

పార్టీ వాళ్లు అనే మాటలు నాకు తెలీవని రాశారు. కంకిపాడు వాళ్ల మాటలు ఎవరు పడ్డారండీ? మీరు ఆ పూట దుప్పటి ముసుగు తన్ని పడుకున్నారు.

వెళ్లొద్దన్న చోటికే వెళ్లాను. రామకోటేశ్వరరావు గారికి డెబ్బై ఏళ్లుంటాయి. మేడ మీద చిన్న గది, కంటికి భూతద్దం. మూడు ఫ్లాషులూ వరసగా పెట్టుకుని, ముందు లోపలి కరెంటుని ఒక బల్బుకి ఆనించి దింపేసి, అప్పుడు విప్పాడు. నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని ఏది ఏమిటో చూపించాడు. ఒకటి నిజంగానే పాడైంది, ఎప్పుడో కిందపడి. కెమెరా మీద కూర్చునే కాలు విరిగింది, తన దగ్గరున్న ఒక చచ్చిన ఫ్లాష్ నుంచి కాలు తీసి దీనికి బిగించాడు. మిగతా రెండూ కాలిపోలేదు. నల్లటి మచ్చ కూడా లేదు. ట్యూబుకి వెళ్లే సన్నని వైరు తెగి ఉంది, అంతే. ఎలక కొరికిందేమోనన్నాను.

ఆయన భూతద్దం తీసి నా వంక చూశాడు. "ఎలక కొరికితే ఇలా ఉండదమ్మా. ఇది కట్టర్‌తో కోసింది. రెండిట్లోనూ ఒకేచోట, ఒకే చేత్తో."

పది నిమిషాల్లో రెండూ అతికించి ఇచ్చాడు. రెండూ పడ్డాయి. పడిన ప్రతిసారీ నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది.

ఆ కోపంతోనే ఉయ్యూరు వెళ్లాను. లైటు పట్టుకోవడానికి మనిషి దొరకలేదు. నేను లేనా అని మీ అమ్మ పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. స్టాండు పట్టుకుని పీఠం పక్కన నిలబడితే ఫాదర్ గారు కూడా పక్కకి జరిగి చోటిచ్చారు. పెళ్లికొడుకు తల దించుకుంటే, బాబూ గడ్డం ఎత్తు, నువ్వేం దొంగతనం చెయ్యలేదు అంది. వీడియో వాడు నన్ను పొడిచాడు. నేనూ పొడిచాను. సూత్రం కట్టేటప్పుడు పదకొండు ఫొటోలు తీశాను, పదకొండిటికీ ఫ్లాష్ పడింది. మీ ఫ్లాషులు బంగారంలా ఉన్నాయండీ.

కంకిపాడులో సూత్రం వేళకి మీరు అక్కడ లేరు కదూ? లేరు కాబట్టే ఇంటికొచ్చి వైరు కోశారు. ఎవరైనా నొక్కి చూస్తే పడకూడదని. నేను నొక్కి చూశాను కూడా. పడలేదు. అది చూసే ఒట్టు వేశాను.

ఈస్టర్ ముందు తపస్సుకాలం మొదలవగానే కంకిపాడు వెళ్లి జాన్‌బాబు గారికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వెళ్తాను.

అబద్ధపు ఒట్టు మోస్తున్న,
శాలిని

*

బందరు,
ఫిబ్రవరి 7.

శాలూ,

వెళ్లొద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను.

అవును, నేనే కోశాను. ఆ రోజు పొద్దున్నుంచీ తాగలేదు, నమ్ము. అందుకే చేతులు వణికాయి. ఫాదర్ గారు సూత్రాన్ని ఆశీర్వదిస్తుంటే కెమెరాలో పెళ్లికూతురి ముఖం నిలవడం లేదు. ఒక్క గుక్క పడితే నిలుస్తుందని బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి పూలు చల్లేస్తున్నారు. ఫ్లాష్ పడలేదన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అందరూ జాలిపడ్డారు. ఆ తర్వాత పామర్రు పెళ్లిలోనూ అదే జరిగింది. రెండోసారి ఆ మాట తేలిగ్గా వచ్చింది.

ఇది బయటపడితే మా నాన్న ముప్పై ఏళ్లు సంపాదించిన పేరు పోతుంది. నేను ఇక్కడ మజ్జిగ తాగి బాగుపడి ఏం లాభం? తాగుబోతుని ఎవరైనా క్షమిస్తారు, దొంగని క్షమించరు. నువ్వు వెళ్లి చెప్పావంటే నేను ఇక్కణ్ణుంచి ఇంటికి రాను. ఎటైనా పోతాను. ఆ తర్వాత నీ ఇష్టం.

బెన్నీ

*

గుణదల,
మార్చి 19.

ప్రియమైన మీకు,

జవాబు ఆలస్యమైంది. మంగళగిరి ఫంక్షన్, తిరునాళ్ల, ఆ ఆల్బమ్‌లు, ఊపిరాడలేదు. పనితోపాటు, మీ బెదిరింపు ఉత్తరాన్ని రోజుకోసారి తీసి చదువుకుని మళ్లీ మడిచి పెట్టడం కూడా ఒక కారణం. ఎటైనా పోతానన్నారు కదా, ఆ మాటకి నాకు భయం వేసింది. భయపడుతూనే కంకిపాడు వెళ్లాను.

నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి, వినండి. మీరు సూత్రం ఫొటో తేలేదు. ఆ ఫొటో లేని ఆల్బమ్ ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. కంప్యూటర్ ముందు రెండు రోజులు కూర్చుని ఒకటి తయారుచేశాను. పెళ్లికూతురు బ్లెస్సీ మెడ, పెళ్లికొడుకు జోయెల్ ముఖం వాళ్లవే. ముడి వేస్తున్న చేతులు మాత్రం ఏలూరులో జరిగిన ఇంకో పెళ్లిలో పెళ్లికొడుకువి. ఫ్లాష్ పడక చీకటిగా వచ్చిన ఒక ఫొటోని బాగుచేశానని చెప్పి ఇచ్చాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. జాన్‌బాబు గారు దాన్ని పెద్దగా ప్రింటు వేయించుకుని హాల్లో తగిలించారు. మీరు వైరు కోశారు, నేను చేతులు అతికించాను. మిమ్మల్ని ఒక్కరినే దొంగ అనడానికి నాకు నోరు లేదు.

వెళ్లగానే నన్ను ఆ ఫొటో కింది కుర్చీలోనే కూర్చోబెట్టారు. ముందు మీ సంగతి చెప్పాను. జాన్‌బాబు గారు ఆశ్చర్యపోలేదు. మంచినీళ్లు తెప్పించి, తాగేదాకా ఆగి అన్నారు: "మీ ఆయన వంట టెంటు వెనక సీసా ఎత్తడం మా బావమరిది చూశాడమ్మా. అది అడుగుదామనే ఆ రోజు మీ ఇంటికొచ్చాను. నువ్వు మరియమ్మ తల్లి మీద ఒట్టేశావు. ఒట్టేసిన ఆడపిల్లని అబద్ధమాడుతున్నావని ఎలా అనను?"

విన్నారా? పేరు పోతుందని భయపడ్డారు మీరు. ఆ పేరు మే నెలలోనే వంట టెంటు వెనక పోయింది. అప్పటి నుంచి మనం బతికింది నా ఒట్టు మీద.

తర్వాత ఫొటో సంగతి చెప్పాను. ఆ చేతులు జోయెల్‌వి కావని వేలితో చూపించాను. జోయెల్ ఇల్లరికం వచ్చాడు కాబట్టి బ్లెస్సీ పుట్టింట్లోనే ఉంది, ఏడో నెల. తలుపు దగ్గర నిలబడి వింటోంది.

"మా ఆయనకి ఎడమ బొటనవేలు సగమే ఉంటుందక్కా," అంది. "పెళ్లికి ముందే ఐసు మిషన్లో పోయింది. ఫొటో తగిలించిన రోజే చూశాను. ఎవరో పరాయి మగాడు నా మెడలో సూత్రం కడుతున్నట్టుంటుంది. నాన్న ముచ్చటపడి పెట్టుకున్నారని ఊరుకున్నాను. ఆ కుర్చీలో మాత్రం నేను ఎప్పుడూ కూర్చోను."

అబద్ధంతో ఒకరి పెళ్లిని కాపాడాననుకున్నాను, ఆ పిల్ల ఇన్ని నెలలుగా సొంత ఇంట్లో గోడ వంక చూడకుండా తిరుగుతోంది. స్టూలు అడిగి ఎక్కి నేనే దించాను దాన్ని. జాన్‌బాబు గారు అడ్డు చెప్పలేదు, కళ్లు తుడుచుకున్నారు.

సాయంత్రం జోయెల్ చేపల చెరువుల నుంచి వచ్చేదాకా ఆగాను. జరిగింది అతనికీ చెప్పాను. ఫొటో కోసం సూత్రం మళ్లీ కట్టించమని ఫాదర్ గారిని అడుగుదామన్నారు బ్లెస్సీ వాళ్లమ్మ. బ్లెస్సీ వద్దంది, జరిగిన పెళ్లి జరిగింది, నాటకం ఆడొద్దంది. నాకూ అదే నచ్చింది. చేతులు కూడా కడుక్కోనివ్వకుండా జోయెల్‌ని ఆమె పక్కన కూర్చోమన్నాను. ఆ సగం వేలు కనపడాలని అతని చేతిని తన చేతుల్లోకి బ్లెస్సీయే తీసుకుంది. రామకోటేశ్వరరావు గారు అతికించిన ఫ్లాష్ పెట్టి తీశాను. ఒక్కటే తీశాను. ప్రింటు వేసి పంపితే అదే మేకుకి తగిలించుకున్నారు.

ఇప్పుడు మన సంగతి. పామర్రు వాళ్లకీ చెప్పాను. తిట్టారు, పడ్డాను. ఊరంతటికీ తెలిసింది, లక్ష్మీకాంత్ అందరికీ చెబుతున్నాడు కూడా. చెప్పుకోనివ్వండి. ఈస్టర్ తర్వాత నాలుగు పెళ్లిళ్లు నన్ను అడిగి ఖాయం చేసుకున్నారు. అందులో ఒకటి జాన్‌బాబు గారి బావమరిది ఇంట్లో. కెమెరా ఇక నాదే, దాని మీద పేచీ లేదు. మీ చేతులు కుదుటపడితే ఆల్బమ్ పని మీకు నేర్పుతాను. తెగిన తలలు అతికించడం మాత్రం నేర్పను.

ఇరవై ఎనిమిదిన మిమ్మల్ని పంపిస్తున్నామని ఆ సారు ఫోన్ చేశాడు. తీసుకురావడానికి నేను రాను. ఎటైనా పోతానంటే చేతులడ్డు పెట్టను కూడా. కానీ మీరు రావాలని నాకుంది. ఇన్ని మాటలన్నాక కూడా ఉంది, ఏం చెయ్యను.

వస్తే ఇలా రండి. బందరు నుంచి బెజవాడ బస్సు కంకిపాడు మీదుగానే వస్తుంది. అక్కడ దిగండి. జాన్‌బాబు గారిది చర్చి పక్క సందులో మూడో ఇల్లు. నేను చెప్పింది నా వంతు. మీ వంతు మీ నోటితో చెప్పి, అప్పుడు తర్వాతి బస్సెక్కండి. నేరుగా ఇంటికొచ్చేశారంటే మీ అమ్మ తలుపు తీస్తుందేమో, నేను తీయను.

శాలిని,
ఫొటోగ్రాఫర్